నానని గింజ: బళ్ళారి గుట్టల్లో నాలుగు రోజులు

జనవరి 18, బళ్ళారి

వ్యవసాయం ఎక్కడ మొదలైందని అడిగితే మన బడి పుస్తకాలు పశ్చిమాసియా వైపు చెయ్యి చూపిస్తాయి. యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల ఎగువ కొండల్లో దాదాపు 10,000 ఏళ్ళ కిందటికే గోధుమ, బార్లీ సాగులోకి వచ్చాయన్నది నిజమే. చైనాలో యాంగ్‌ట్సీ లోయలో వరి, మెక్సికోలో టియోసింటే అనే గడ్డి నుంచి మొక్కజొన్న ఎవరికి వారుగా మనిషి చేతికి అలవాటు పడ్డాయన్నదీ నిజమే. అయితే ఆ పటంలో తుంగభద్రకు దక్షిణాన, వాన సరిగా పడని ఈ రాతి గుట్టల నడుమ కూడా ఒక చుక్క పెట్టవలసి ఉందని, ఆ చుక్క ఉలవలదీ పెసలదీ అండుకొర్రలదీ అని చదివిన నాటి నుంచి ఆ చోట్లను నడిచి చూడాలన్న కోరిక నన్ను వదల్లేదు. వృక్షశాస్త్రం చదువుతున్న మా మేనకోడలు సంక్రాంతి సెలవులకు రావడంతో ఇద్దరం కలిసి బయలుదేరాం.

చేరిన పూట చిన్న కొట్టులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం, ప్లేటు 50 రూపాయలు. తింటున్నంతసేపూ మా అమ్మాయి ఆ ప్లేటులోని వస్తువుల పుట్టిళ్ళు ఒక్కొక్కటే చెప్పించుకుంది. బొరుగుల్లోని వరి ఈ పొడినేలకు ఆలస్యంగా వచ్చిన పంట. పుట్నాలపొడికి మూలమైన శనగ పశ్చిమాసియాది. మిరప అమెరికా ఖండాల నుంచి 1492 తరవాతే ఓడలెక్కి వచ్చింది. ఈ గుట్టల మీద మొదట సేద్యం చేసినవాళ్ళు మన ముందున్న పళ్ళేన్ని గుర్తుపట్టి ఉండరు. మరి వాళ్ళ కుండలో ఏముండేదన్నదే మేము వెతకడానికి వచ్చిన సంగతి.

మధ్యాహ్నం రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట ఉన్న సంగనకల్లు పురావస్తు మ్యూజియానికి వెళ్ళాం. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు గొడ్డలిని గుర్తించిన ఆ భూవిజ్ఞాని, తరవాతి కాలంలో బళ్ళారి ప్రాంతమంతా తిరిగి కొత్తరాతియుగపు జాడలను నమోదు చేశాడు. నూరి నునుపు తేల్చిన రాతి గొడ్డళ్ళకంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒక నూరుడురాయి. నడుమ పల్లంగా అరిగిపోయి, రెండు కొసలూ లేచి ఉన్న ఆ రాయిని చూసి మా అమ్మాయి, "మామా, ఇది అమ్మమ్మ వాళ్ళింట్లోని సన్నికల్లే కదా" అంది. పక్కనే ఉన్న కాపలా ఆయన అచ్చమైన బళ్ళారి తెలుగులో, "మా అవ్వ ఇంట్లో ఇట్లాంటిదే ఉండె సార్, ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో వేసిరి" అన్నాడు. ఒక రాయి అంత పల్లంగా అరగాలంటే ఎన్ని తెల్లవారుజాములు ఒకరు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలో ఊహించడం కష్టం. వ్యవసాయపు పుట్టుక గురించి మాట్లాడేటప్పుడు మనం విత్తినవాళ్ళ గురించి మాట్లాడినంతగా నూరినవాళ్ళ గురించి మాట్లాడం.

జనవరి 19, సంగనకల్లు

ఆటో ఆయన పోనూ రానూ, మేము గుట్ట మీద ఉన్నంతసేపు ఆగడానికీ కలిపి 700 రూపాయలకు ఒప్పుకున్నాడు. సంగనకల్లు దగ్గరి గుట్టల్లో సన్నరాచమ్మ గుడ్డ ఒకటి. గుడ్డ అంటే కన్నడంలో గుట్ట. గుండ్ల మధ్య నుంచి పైకి పోతుంటే దారి తప్పి ముళ్ళకంపల్లో పడ్డాం. మేకలు కాసే పెద్దాయన ఒకడు కింది నుంచే కేకేసి, కర్రతో గాలిలో గీత గీసి దారి చూపించాడు. పైకి చేరేసరికి మా బట్టల నిండా సన్నని గరుకు వెన్నులు అంటుకుని ఉన్నాయి. కొర్రకు దగ్గరి చుట్టమైన గడ్డి అది. దాని నూగుకున్న కొక్కేలు వెనక్కి తిరిగి ఉంటాయి కనుక పట్టుకుంటే వదలదు. నేను విసుగ్గా దులుపుకుంటుంటే మా అమ్మాయి ఒక వెన్నును అరచేతిలో నలిపి, ఊది, మిగిలిన నాలుగు గింజలను నాకు చూపించింది. సంగనకల్లు, తెక్కలకోట, హల్లూరు, పిక్లిహాళ్ వంటి కొత్తరాతియుగపు ఊళ్ళ మట్టిలో దొరికిన తిండిగింజల్లో ఈ గడ్డివి కూడా ఉన్నాయి. మేము కలుపనుకుని దులిపేస్తున్నది ఇక్కడ ఒకనాటి కూడు.

ఆ గింజలు దొరికిన తీరు చెప్పుకోదగ్గది. తవ్విన మట్టిని నీళ్ళ తొట్టిలో వేసి కలిపితే, పొయ్యి దగ్గర మాడి బొగ్గైన గింజలు తేలికగా పైకి తేలతాయి. వాటిని సన్నజల్లెడతో పట్టి, నీడలో ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటే చూస్తారు. 1940లలో పురావస్తు శాస్త్రవేత్త బి. సుబ్బారావు ఇక్కడ తవ్వినప్పుడు ఇంకా ఈ పద్ధతి లేదు. 1990ల చివర నుంచి డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, నికోల్ బ్వావె మొదలైన పురావస్తు పరిశోధకులు దక్షిణాది కొత్తరాతియుగపు మట్టిని ఇలా కడిగిన తరవాతనే ఆ కాలపు కుండలో ఏముందో తెలిసింది. అండుకొర్రలు, ఈ అంటుడు గడ్డి గింజలు, పెసలు, ఉలవలు: ఈ నాలుగూ మళ్ళీ మళ్ళీ కనిపించాయి. నాలుగూ వానాకాలపు మొక్కలే, దక్షిణాది పొడినేలకు అలవాటైనవే. గోధుమ, బార్లీ కూడా కొన్నిచోట్ల కనిపిస్తాయి గాని అవి తరవాత ఉత్తరాన్నుంచి వచ్చి చేరినవి.

గుట్ట మీది చదునులో గుండ్ల మీద నూరిన గుంతలు చాలా ఉన్నాయి. ఒకదాని పక్కన కూర్చుని మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది: అడవి గడ్డి పంటగడ్డి ఎప్పుడయింది? అడవి గడ్డి గింజ పండగానే రాలాలి, రాలకపోతే దాని వంశం నిలవదు. మనిషి బుట్ట పట్టుకుని వెన్నును దులుపుకుంటే రాలే గింజలే అతనికి దక్కుతాయి, ఎన్ని వందల ఏళ్ళు అలా దులిపినా ఆ గడ్డి మారదు. వెన్నును కోసి, కట్టగట్టి ఇంటికి తెచ్చుకున్నప్పుడు మాత్రం దారిలో రాలిపోయేవి పోగా, ఏదో లోపం వల్ల రాలకుండా మిగిలినవే కళ్ళానికి చేరతాయి. అందులోంచి మరుసటి ఏడు విత్తితే, ప్రకృతిలో లోపమైన గుణమే పొలంలో వరమవుతుంది. ఎవరూ పూనుకుని చేసిన పని కాదిది. కోసిన చేతికీ విత్తిన చేతికీ తాము ఒక మొక్కను మారుస్తున్నామని తెలియదు. మానవ చరిత్రలో ఇంత పెద్ద మార్పు ఇంత మౌనంగా జరిగిందన్న సంగతి చదివినప్పటికంటే, ఆ గుంత అంచు మీద చెయ్యి పెట్టి కూర్చున్నప్పుడు నాకు బాగా అర్థమైంది.

సాయంత్రం, హిరేగుడ్డ

పక్కనే కుప్‌గల్ ఊరి వైపు హిరేగుడ్డ. ఇక్కడ గ్రానైటు గుట్టను చీల్చుకుంటూ నల్లని డోలరైటు రాతి వరస ఒకటి పోతుంది. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దిలో గొడ్డళ్ళు చెక్కిన కార్మికుల చోటు ఇదే. చెక్కినప్పుడు రాలిన పెచ్చులు కాలికింద ఇంకా గలగలమంటాయి. గొడ్డలి అంటే ఇక్కడ ఆయుధంగా కాక అడివి కొట్టి పొలం చేసే పనిముట్టుగా చూడాలని నాకు అనిపిస్తుంది.

మేము తప్పు బాట పట్టి ఒక క్వారీ అంచుకు చేరాం. అక్కడ పని లేక కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు మమ్మల్ని వెనక్కి తిప్పి, నల్లరాళ్ళ వరస దాకా వెంట వచ్చారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, మా దగ్గరున్న నిమ్మకాయ సోడాలు మాత్రం తాగారు. ఆ రాళ్ళ మీద పొడిచి తీర్చిన ఎద్దుల బొమ్మలను 1892లోనే ఫాసెట్ అనే బ్రిటిష్ అధికారి లోకానికి తెలియజేశాడు. మూపురం ఎత్తుగా, కొమ్ములు పొడవుగా, పక్కకు తిరిగి నిలుచున్న ఎద్దులు వరసగా ఉన్నాయి. కొన్ని రాళ్ళ మీద చిన్న గుంతలు ఉంటాయి. కుర్రాళ్ళలో ఒకడు గ్రానైటు ముక్కతో అలాంటి గుంత మీద మెల్లగా తాటించాడు. కంచు గంట మోగినట్టు లోతైన శబ్దం గుట్టంతా పాకింది. రాళ్ళను మోగించే ఈ చోటి గురించి 2004లో బ్వావె రాసిన తరవాత చాలామందికి తెలిసింది. నేను మరోసారి కొట్టవద్దన్నాను, ఆ గుంతలు ఇంక మన చేతికి అరగకూడదు. క్వారీ తవ్వకాలు ఈ బొమ్మల దరిదాపుల దాకా వచ్చాయని, కొన్ని పోయాయని తెలిసే వెళ్ళాం గాని, పగిలిన రాయి కొత్త తెలుపును అంత దగ్గర్లో చూసినప్పుడు కడుపులో మంట పుట్టింది.

జనవరి 20, కుడతిని

బళ్ళారి నుంచి హొసపేటకు పోయే దారిలో కుడతిని దగ్గర పురాతనమైన బూడిద దిబ్బ ఉంది. టీకొట్టు దగ్గర "బూడిద దిబ్బ ఎక్కడ" అని అడిగితే అక్కడి యువకుడు ఏమాత్రం తడుముకోకుండా దారి చెప్పాడు. ఆ దారిన పోయి పోయి మేము చేరింది బొగ్గుతో కరెంటు తీసే కేంద్రం బూడిద లారీల దగ్గరికి. ఈ ఊరికి బూడిద అంటే ఇప్పుడు అదే కనుక అతని తప్పేమీ లేదు. గేటు దగ్గరి కాపలా ఆయన మా మాట విని నెమ్మదిగా, "మీరడిగేది పాతకాలం బూడిద గదా. అది కణివె కాడ ఉంది, వెనక్కి పోండి" అన్నాడు. కణివె అంటే కన్నడంలో కనుమ. ఈ దారితప్పుడుకు ఆటోకు 200 రూపాయలు ఎక్కువయ్యాయి.

దిబ్బ దగ్గర మొదట కనిపించేది మట్టి కాదు. బూడిద తెలుపు పొరల నడుమ, కరిగి మళ్ళీ గట్టిపడి గాజులా నిగనిగలాడే ముద్దలు, చిల్లులు చిల్లులుగా, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియనివి. 19వ శతాబ్దపు తొలి సగంలోనే న్యూబోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి వీటి గురించి రాశాడు. ఇవి అగ్నిపర్వతపు బూడిద అనీ, ఇనుము కరిగించిన చిట్టెం అనీ, మనుషుల్ని సామూహికంగా దహనం చేసిన చోట్లనీ రకరకాలుగా వాదించారు. పశువుల పేడే అయి ఉంటుందని ఫుట్ ఊహించాడు. 1960లో జాయ్నర్ అనే శాస్త్రవేత్త రసాయన పరీక్షతో అది పేడ బూడిదేనని చూపించాడు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ కృష్ణానదికి దగ్గర్లోని ఉట్నూరు దిబ్బను తవ్వినప్పుడు గుంజలు పాతిన గుంతల వరసలూ, బూడిద పొరల మీద గొడ్ల గిట్టల ముద్రలూ బయటపడ్డాయి. ఉట్నూరనగానే మా అమ్మాయి ఆదిలాబాదు అనుకుంది. ఇది పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోది. ఆ గుంతల వరసలనూ గిట్టల ముద్రలనూ బట్టి ఈ బూడిద దిబ్బలు ఒకప్పటి గొడ్ల దొడ్లు. ఏళ్ళ తరబడి గొడ్లను కట్టి, పేరుకున్న పెంటను పదేపదే తగలబెట్టి, దాని మీదే మళ్ళీ కట్టి, అలా పెరిగిన దిబ్బలు. క్రీస్తుపూర్వం 3000 ప్రాంతం నుంచి దాదాపు రెండువేల ఏళ్ళ పాటు సాగిన దక్షిణాది కొత్తరాతియుగపు తొలిదశకు ఇవే గుర్తులు.

ఆటో ఆయన అంతవరకూ దూరంగా నిలబడి ఉన్నాడు. సంగతి విన్నాక దగ్గరికి వచ్చి, "ఇంత పెంట ఊరికే తగలబెట్టిరా అన్నా! ఇప్పుడు ట్రాక్టరు పెంట 3,000 రూపాయలు" అన్నాడు. పుస్తకాలేవీ ఇంత సూటిగా అడగని ప్రశ్న అది. పెంట విలువ తెలిసిన రైతు ఇంత పెంటను కాల్చడు. కాల్చాడంటే, ఆనాటికి అతనికి గొడ్లమందే ఆస్తి, పొలం ఇంకా పక్కపని అయి ఉంటుందని నాకు తోస్తుంది. గోధుమ దేశాల్లో మొదట పొలం, ఊరు, తరవాత మంద. ఇక్కడ ముందు మంద వచ్చింది, దాని వెంట నెమ్మదిగా విత్తనం వచ్చింది. మూపురం ఉన్న మన ఎద్దు సింధు లోయకు పడమరనున్న బలూచిస్తాన్ వైపు మచ్చికైందని, అక్కడి మెహర్‌గఢ్ అనే కొత్తరాతియుగపు ఊళ్ళో దొరికిన దాని ఎముకలు తెలుపుతున్నాయి. మేక, గొర్రె ఇంకా పడమటి నుంచి వచ్చాయి. గొడ్లు నడిచి వచ్చిన అతిథులు, గింజలు మాత్రం ఈ నేల బిడ్డలు. ఈ రెండూ కలిసిన చోటే దక్షిణాది సేద్యం పుట్టింది.

మంటకు అర్థమేమిటి? ఏటా పండుగలాగా చేసిన కార్యమని ఆల్చిన్ అనుకున్నాడు. మైసూరు, మండ్య వైపు సంక్రాంతి సాయంత్రం గొడ్లను మంట దాటిస్తారు. మూడు వేల ఏళ్ళ పైబడిన ఎడాన్ని ఒక్క అడుగులో దాటేసి రెండింటినీ ముడివెయ్యడం తేలిక గాని, అంత తేలికగా ముడివెయ్యకూడదని నా అభిప్రాయం. ఆ పండుగ ముగిసిన వారంలోనే ఇక్కడ నిలబడ్డాను కనుక ఆ మంటలు కళ్ళముందు ఆడిన మాట మాత్రం దాచలేను.

పొద్దుగూకే వేళకు హంపి దగ్గరి నింబాపురం చేరాం. అక్కడి బూడిద కుప్పను వాలిని దహనం చేసిన చోటుగా జనం చెప్పుకుంటారు. పూజకు వచ్చిన ఒక పెద్దావిడ ఆ బూడిదను కళ్ళకద్దుకుంటూ, "వాలి చానా బలమంతుడు నాయనా, అందుకే ఇంత బూడిద" అని మాకు వివరించింది. ఆవిడను సరిదిద్దాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

జనవరి 21, తెక్కలకోట

తెక్కలకోట దారి పొడుగునా తుంగభద్ర కాలవ నీళ్ళు, వరి మళ్ళు. 1963-64లో నాగరాజారావు తవ్విన గుట్టల మీది ఊళ్ళు ఆ పచ్చదనానికి పైన, పొడిగా, గుండ్ల మధ్య ఉన్నాయి. కింద నీటిపంట, పైన దాని ముందటి కథ. ఎండ ఎక్కువై ఎంతోసేపు ఉండలేకపోయాం.

మెస్సులో 90 రూపాయలకు జొన్నరొట్టె భోజనం. వడ్డించిన అక్క, మేము గుట్టల కోసం వచ్చామని విని, అడగకుండానే ఉలవకట్టు చారు ఇంకో గరిటె పోసింది. రొట్టెలోని జొన్న ఆఫ్రికా నుంచి వచ్చిన పంట. కొత్తరాతియుగం చివరి దశల తరవాతే ఈ నేలలో అది నిలదొక్కుకుంది. ఈ ప్రయాణంలో తిన్న అన్నిటిలోకీ ఆ పాతకుండకు నేరుగా చుట్టమైంది ఆ చారు ఒక్కటే.

జనవరి 22, ఉరవకొండ దారిలో

తిరుగు దారిలో, ఉరవకొండ ఇంకా కొంత దూరం ఉందనగా, తారురోడ్డు మీద ఉలవకట్టె పరిచి ఉంది. వచ్చేపోయే బండ్ల చక్రాలే నూర్పిడి చేస్తున్నాయి. మేము దిగి, తొక్కించవచ్చా అని అడిగితే ఒక అవ్వ నవ్వి, "తొక్కించు నాయనా, పుణ్యముంటాది" అంది. కోత ఎప్పుడు చేస్తారని మా అమ్మాయి అడిగింది. "తెల్లారుజామున, మంచు ఉన్నప్పుడే పీకల్ల పాపా. పొద్దెక్కితే కాయ పగిలి గింజంతా చేన్లోనే పాయ." మా అమ్మాయి నావైపు చూసింది. ఆ కాయ పగలడం అడవి మొక్క గుణం. నాలుగు వేల ఏళ్ళు మనిషి దగ్గరున్నా ఉలవ దాన్ని పూర్తిగా వదులుకోలేదు, రైతులు మంచు వేళను చూసుకుని దానికి సర్దుకుపోతున్నారు.

ఉలవ మారిన మరో విధం దాని పొట్టులో ఉంది. అడవి ఉలవ పొట్టు మందం, నీరు లోపలికి పోనివ్వదు. ఒకే వానకు అన్నీ మొలిచి, తరవాత వాన మొహం చాటేస్తే వంశమే పోతుంది కనుక కొన్ని గింజలు ఏళ్ళ తరబడి మట్టిలో నిద్రపోతాయి. విత్తిన మనిషికి మాత్రం ఆ ఏడే మొలిచినవి దక్కుతాయి, అందువల్ల తరాలు గడిచేకొద్దీ పలచని పొట్టువే మిగిలాయి. 2017లో చార్లీన్ మర్ఫీ, ఫుల్లర్ దక్షిణాది తవ్వకాల్లో దొరికిన మాడిన ఉలవలను కోయకుండా, ఇంగ్లండులోని సింక్రోట్రాన్ అనే యంత్రం ఇచ్చే చాలా తీక్షణమైన ఎక్స్-కిరణాలతో లోపలికి చూసి పొట్టు మందాన్ని కొలిచారు. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్ది నాటి గింజల్లో మందపు పొట్టువీ పలచని పొట్టువీ రెండూ ఉన్నాయి. తరవాతి కాలపు గింజల్లో పొట్టు పలచబడింది. వ్యవసాయం ఒక్క తరంలో కనిపెట్టిన విద్య అన్న ఊహను ఇంత చిన్న గింజ ఇంత స్పష్టంగా కాదంటుంది. ఈ సంగతి అవ్వకు చెప్పాలని ప్రయత్నించాను. ఆమె ఓపిగ్గా విని, "అవును, కొన్ని రాత్రంతా నానబెట్టినా నానవు, ఉడకవు. ఎద్దుల తొట్లో పోస్తాం" అంది.

గోనె మూట నుంచి ఒక దోసెడు తీసి మా అమ్మాయి కొంగులో పోసింది. వెల అడిగితే, "ఇత్తనానికి పట్టకపోండి, డబ్బులెందుకు" అని చేతులు దులుపుకుంది.

ఇల్లు చేరిన రాత్రి గుప్పెడు ఉలవలు కొలిచి నానబోశాం. పొద్దున చూస్తే అన్నీ ఉబ్బి, పొట్టు సాగి, మెత్తబడి ఉన్నాయి, పదకొండు తప్ప. ఆ పదకొండూ గిన్నె అడుగున, వేసినప్పుడు ఎంత ఉన్నాయో అంతే, గట్టిగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. మా అమ్మాయి వాటిని గుడ్డతో తుడిచి, అయిదింటిని సన్నికల్లు మీద ఒక్కొక్క గీటు గీసి, ఆరింటిని అలాగే ఉంచి, రెండు కుండీల్లో నాటింది. గీటు పడినవి నాలుగో రోజుకు మొలిచాయి. రెండో కుండీకి రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాం.